ఉడోన్ కర్ర

మా గాలపు కర్రలు కొనే ఒసాకా కంపెనీ నుంచి మురాసె వచ్చి ఆ నల్ల కర్రను మా పనిబల్ల మీద పెట్టిన రోజున నా చేతులు మోచేతుల దాకా దురదపెడుతున్నాయి. ఫైబర్‌గ్లాస్ పని చేసేవాళ్ళకు అది మామూలే. గాజు బట్టలోంచి రాలే నూగు కంటికి కనపడదు, చర్మంలోకి మాత్రం దిగుతుంది. గోకితే ఇంకా లోపలికి పోతుంది. గోక్కోకుండా పళ్ళు బిగించుకుని ఉండడం కూడా మా పనిలో భాగమే.

"ముట్టుకుని చూడండి," అన్నాడు మురాసె. ముప్పై నిండని కుర్రాడు, మర్యాదస్తుడు. "కార్బన్ ఇది. మీరు చేసే గాలపు కర్ర బరువులో సగం కూడా ఉండదు."

మా ఆయన కత్సుమి దాన్ని తీసుకుని వాకిట్లోకి వెళ్ళి గాలిలో ఊపాడు. ఝుయ్యిమంది. మళ్ళీ ఊపాడు. మా పెళ్ళినాడు కూడా ఆయన మొహం అలా వెలగలేదు.

"దీంతో చేపలు పడతాయో లేదో గానీ, ఎదురు చెప్పే పెళ్ళాలకి మాత్రం బాగా తగుల్తుంది," అంది తొకి అక్క నా చెవిలో. నాతోపాటు బట్ట చుట్టే మనిషి ఆమె. మొగుడు పోయిన దగ్గర్నుంచి మా వర్క్‌షాపే ఆమెకు ఆధారం.

మురాసె తెచ్చిన కబురు ఇది: వచ్చే వసంతం నుంచి కంపెనీ మా దగ్గర గాజు కర్రలు తీసుకోదు. కార్బన్ అయితే ఎన్ని చేసినా తీసుకుంటుంది. బట్టా, దాన్ని చుట్టే ఉక్కు ఊచలూ వాళ్ళే పంపిస్తారు, కర్రలు కాల్చే పొయ్యి మాత్రం మేం కొత్తది పెట్టుకోవాలి.

"మరి పాత ఊచలు?" అని అడిగాను.

"ఉక్కే కదండీ. పాత ఇనుముకి వేసెయ్యొచ్చు."

కిటికీ పక్కన మా మామగారు జిన్‌పాచి వెదురు బద్దకు చిత్రిక పడుతున్నారు. ఈ వర్క్‌షాపు ఆయన పెట్టిందే. హిదా కొండల్లో ఒకప్పుడు ఆయన చేసిన వెదురు కర్రలకు పేరుండేది. తర్వాత గాజు కర్రల కాలం వచ్చింది. గాజు బట్టను ఉక్కు ఊచ చుట్టూ చుట్టి, పైన పట్టీ బిగించి, పొయ్యిలో కాల్చి, ఊచను లాగేస్తే లోపల బోలుగా కర్ర మిగులుతుంది. ఊచ ఎక్కడ సన్నబడితే కర్ర అక్కడ వంగుతుంది. ఆ ఊచల్ని ఒక్కొక్కదాన్నీ మామగారే అరగదీశారు, తన వెదురు కర్రలు ఎలా వంగేవో అలాగే గాజు కర్రలూ వంగాలని. పాత ఇనుముకి వెయ్యమన్న మాట విన్నాక కూడా ఆయన చిత్రిక ఆగలేదు.

"సన్నవాగులకి ఇది పనికొస్తుందా?" అని మురాసెని అడిగాను.

"అంటే ఎలాంటి వాగులు?"

"మా నెజుదాని వాగు లాంటివి. చెట్లు నెత్తిమీదే ఉంటాయి. రెండు బారల దారం వదిలితే ఎక్కువ. అంత కాస్త దారానికి ఈ కర్ర వంగుతుందా?"

మురాసె నవ్వాడు. "అలాంటి చోట్లకి ఇప్పుడెవరు వెళ్తున్నారమ్మా? ఎంత దూరం విసరొచ్చు అనే అందరూ అడుగుతున్నారు."

"నేను వెళ్తున్నాను."

వేళాకోళం అనుకున్నట్టున్నాడు, ఇంకాస్త నవ్వాడు. తనొక్కడే నవ్వుతున్నాడని తెలిశాక ఆపేశాడు.

"నిజమే. ఉడోన్ కర్రతో వెళ్తుంది," అన్నాడు కత్సుమి.

ఊళ్ళో వాళ్ళు నా కర్రకు పెట్టిన పేరది. ఉడోన్ అనే లావు సేమ్యా ఉడికాక ఒంగినట్టు పిడి దాకా ఒంగిపోతుందని. మామగారి ఊచల్లో అన్నిటికన్నా సన్నటిదాని మీద నా కోసం నేనే చుట్టుకున్నాను దాన్ని. దాంతో తొందరపడితే పని కాదు. దారాన్ని వెనక్కి ఊపి ఆగాలి. కర్ర తీరుబడిగా ఒంగి, తీరుబడిగా లేచి, ఈకలు చుట్టిన గాలాన్ని నీటి మీద రాలిన పురుగులాగా దించుతుంది. ఆ కాసేపు ఆగడం చేతకానివాళ్ళే దాన్ని ఉడోన్ అన్నారు.

*

వానలు పట్టకముందు ఒక ఆదివారం కత్సుమి నన్ను నెజుదానికి తీసుకెళ్ళాడు. నేను పుట్టి పెరిగింది ఆ వాగు పై భాగంలో, బొగ్గు కాల్చేవాళ్ళ ఇంట్లో. అయినా ఆ రోజు నన్ను ఆయనే తీసుకెళ్ళాడనాలి, ఎందుకంటే కార్బన్ కర్రతో నా నోరు మూయించాలన్నది ఆయన ఉద్దేశం. చేపలు పట్టడంలో ఆయన నాకన్నా గట్టివాడు. అందులో నాకు అనుమానం లేదు.

నీళ్ళు తేటగా ఉన్నాయి. రాతి వెనకాల గుంటలో ఇవానా చేప ఒకటి తోక కదుపుతూ నిలబడి ఉంది. కత్సుమి మోకాళ్ళ మీద వంగి, దారం కొద్దిగా వదిలి, నల్ల కర్ర ఊపాడు. ఆ కాస్త దారం బరువు కర్రకు చాల్లేదు. అది వంగలేదు. బలవంతంగా విసిరితే గాలం నీళ్ళ మీద టప్పున పడింది. చేప మాయమైంది. పై గుంట దగ్గర ఇంకాస్త దారం వదిలాడు. అది వెనక నారచెట్టు కొమ్మకి చుట్టుకుంది.

మూడో గుంట దగ్గర నా కర్ర ఆయనకు అందించాను. తీసుకోడనుకున్నాను. తీసుకున్నాడు. పక్క నుంచి, చెట్ల కిందుగా, మెల్లగా ఊపాడు. ఆగాడు. దారం సాగి, గాలం నురగ అంచున వాలింది. ఇవానా పైకొచ్చి దాన్ని నోట కరుచుకుంది. కర్ర పిడి దాకా ఒంగింది. చేపను నీళ్ళలోనే పట్టుకుని గాలం తీసి వదిలేశాడు.

"చూశారా?" అన్నాను.

"నాకు తెలుసు మసుయే." రాయి మీద కూర్చుని తడిచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "ఇది బావుంటుందని నాకు ముందే తెలుసు. నాన్న చేసిన ఊచ కదా, ఎందుకు బావుండదు? కానీ బావున్నదల్లా అమ్ముడుపోదు. ఈ వాగుకి వచ్చేవాళ్ళు ఈ జిల్లాలో ఎంతమంది ఉంటారు? నువ్వూ, నేనూ, ఎలుగుబంట్లూ."

"ఉన్నవాళ్ళకైనా కర్ర కావాలి కదా."

"ఉన్నవాళ్ళతో ఇల్లు గడవదు."

"గడవకపోతే నేను చూసుకుంటాను."

"ఎలా చూసుకుంటావు?"

ఎలాగో నాకూ తెలీదు. "చూసుకుంటాను," అన్నాను మళ్ళీ.

దిగి వచ్చేటప్పుడు ఆయన రెండు కర్రలూ తనే మోశాడు. ఆయన తప్పు మాట్లాడాడని నేను అనుకోలేదు. అదే నాకు ఇంకా మంటగా ఉంది.

*

వానలు మొదలయ్యాయి. కొత్త పొయ్యి లారీలో వచ్చింది. దాన్ని లోపలికి చేర్చడానికి వర్క్‌షాపు తలుపులు ఊడదీయాల్సొచ్చింది. దాని వెంట వచ్చిన మనిషి, బట్ట కొయ్యడానికి కూడా మిషనుంటుందనీ, ఇద్దరాడవాళ్ళు చేసే పని ఇక ఒక్కరే చేసుకోవచ్చనీ చెప్పాడు. తొకి అక్క అక్కడే తుడుస్తోంది. తుడుపు ఆపకుండా, "ఆ ఒక్కరూ ఎవరో మరి," అంది, చీపురుతో మాట్లాడుతున్నట్టు.

అన్నాల దగ్గర నేను ఆ మాటే ఎత్తాను.

"తొకి అక్కకి వేరే ఏదైనా చూద్దాంలే," అన్నాడు కత్సుమి. "హోటల్లో గిన్నెలు కడగడానికి మనుషులు కావాలంటున్నారు."

"పదేళ్ళుగా కర్రలకి బట్ట చుట్టిన చేతులవి."

"అయితే నన్నేం చెయ్యమంటావ్? ఒసాకాకి వెళ్ళి, మా తొకి అక్క కోసం మీ కంపెనీ ఆపుకోండి అని చెప్పనా?" ఆయన తండ్రి వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి నాన్నా."

మామగారు మిసో చారు గిన్నె రెండు చేతులతో ఎత్తి తాగారు. "చారులో ఉప్పెక్కువైంది," అన్నారు. ఉప్పు నేను ఎప్పుడూ వేసేంతే వేశాను.

ఒక్క మాట మాత్రం ఆ పూటే తేల్చి చెప్పేశాను. "నేను కార్బన్ చుట్టను."

"చుట్టకపోతే?"

"చుట్టను, అంతే."

ఆయన చాప్‌స్టిక్స్ కింద పెట్టి నా వైపు చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను ఆయనకి కాదని చెప్పిన సందర్భాలు లేకపోలేదు. కానీ కారణం చెప్పకుండా కాదనడం అదే మొదలు. కారణం చెబితే దానికి ఆయన దగ్గర జవాబుంటుందని నాకు తెలుసు.

*

వానలు వెలిసి, కీచురాళ్ళు మొదలైన ఉదయం, పాతినుము బుంజి తన చిన్న లారీ వేసుకుని వచ్చాడు. పాత ఇనుము కొనేవాడు. ఊళ్ళో వంటపాత్రల దగ్గర్నుంచి రైలుపట్టాల దాకా అన్నీ ఆయన చేతుల మీదుగానే పోయేవి. కత్సుమి ముందురోజే ఊచలన్నిటినీ ఒక పొడవాటి చెక్కపెట్టెలో సర్ది వాకిట్లో పెట్టించాడు. విరిగిన బిగింపులు, తుప్పు పట్టిన గొట్టాలు దాని పక్కన కుప్పగా ఉన్నాయి.

నేను వంటింట్లోంచి చూశాను. బుంజి గొట్టాలు లారీలో వేస్తున్నాడు. నేను చేతులు తుడుచుకుని బయటికి వెళ్ళి ఆ పెట్టె మీద కూర్చున్నాను. ముందుగా అనుకున్నదేమీ కాదు. కూర్చున్నాకే, ఇక లేవనని నాకు తెలిసింది.

కత్సుమి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

"లే మసుయే."

"లేవను."

"బుంజి ఎదురు చూస్తున్నాడు."

"నాకేం తొందర్లేదు," అన్నాడు బుంజి, సిగరెట్టు వెలిగించుకుంటూ. "పెట్టెతోపాటు అమ్మగారినీ తూచి ఇస్తానంటే మంచి బేరమే."

ఎదురింటివాళ్ళు కిటికీ తెరిచారు. కత్సుమి గొంతు తగ్గించాడు. "నలుగురూ చూస్తున్నారు."

"చూడనివ్వండి. నేనేం దొంగతనం చెయ్యట్లేదు."

"కొత్త ఊచలు వచ్చేశాయి. వీటితో ఇక చేసేదేముంది?"

"గాజు కర్రలు."

"ఎవరు కొంటారు?"

"అది మీ తలనొప్పి కాదు."

"ఎంతసేపు కూర్చుంటావు ఇలా?"

"లారీ వెళ్ళేదాకా."

"వంటో?"

"ఆకలేసినవాళ్ళు వండుకుంటారు."

బుంజి దగ్గినట్టు చేసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. కత్సుమి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన నా మీద చెయ్యి చేసుకునే మనిషి కాదు. చెయ్యి పట్టి లేపే మనిషీ కాదు. అందుకే ఏం చెయ్యాలో తోచక అలాగే నిలబడిపోయాడు. ఎండెక్కుతోంది. పెట్టె చెక్క వేడెక్కి కాళ్ళకి చురుక్కుమంటోంది. ఇప్పుడు గనక లేస్తే, జీవితమంతా ఇలాంటివాటికి లేస్తూనే ఉంటానని అనిపించింది.

అప్పుడు మామగారు చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చారు. చేతిలో ఆయన మధ్యాహ్నం డబ్బా ఉంది.

"జరుగు," అన్నారు.

నేను జరిగాను. ఆయన నా పక్కన పెట్టె మీద కూర్చుని, డబ్బా విప్పి, ఊరిన ప్లమ్‌పండు పెట్టిన అన్నం ముద్ద తీసి తినడం మొదలుపెట్టారు. భోజనానికి ఇంకా చాలా వేళ ఉంది.

"నాన్నా, మీరు కూడానా?" అన్నాడు కత్సుమి.

"తింటున్నాను. తినేటప్పుడు మాట్లాడించకు."

ముల్లంగి ఊరగాయ ముక్క నా చేతిలో పెట్టారు. నేనూ నమిలాను. బుంజి సిగరెట్టు నలిపేసి, "మిగిలినవి తీసుకుపోతాలెండి," అన్నాడు, ఎవరినీ ఉద్దేశించకుండా. లారీ మలుపు తిరిగేదాకా మామగారు నములుతూనే ఉన్నారు. అప్పుడు డబ్బా మూసి, "పాత పొయ్యి గోడతో కలిపి కట్టింది కదా. దాన్నీ ఎవరూ పట్టుకుపోలేరు," అని లేచి వెళ్ళిపోయారు.

*

ఆ రోజు నుంచి ఒక ఇంట్లో రెండు దుకాణాలయ్యాయి. వర్క్‌షాపులో కత్సుమి, కొత్త పొయ్యి, నల్ల బట్ట. వెనకాల ఒకప్పుడు పట్టుపురుగులు పెంచిన కొట్టంలో నేనూ, తొకి అక్కా, మిగిలిపోయిన గాజు బట్ట తానులూ. ఊచల్ని గుప్పెడు గుప్పెడుగా పాత కిమోనో గుడ్డలో చుట్టుకుని మోశాం. కాల్చడానికి పాత పొయ్యి దగ్గరికి పోవాలంటే వర్క్‌షాపులోంచే పోవాలి. చుట్టిన ఊచలు భుజాన వేసుకుని నేను ఆయన పక్కనుంచే నడిచి వెళ్ళేదాన్ని. ఆయన తలెత్తేవాడు కాదు. కానీ నేను వచ్చే వేళకి దారిలో ఏమీ అడ్డం ఉండేది కాదు.

వంట నేనే చేశాను. కలిసే తిన్నాం. మాటలు మాత్రం బియ్యం, స్నానం నీళ్ళు, మామగారి మందులు దాటి పోలేదు.

మా దగ్గర వానల తర్వాతే వచ్చే వేసవి ఎండకి కొట్టం ఉడికిపోయేది. గాజు నూగు చెమటతో కలిసి మెడ దాకా పాకేది. "కార్బన్‌కి దురద ఉండదట," అనేది తొకి అక్క. "ఇంత గోక్కుంటూ చచ్చే బదులు నువ్వు కూర్చోవాల్సింది ఆ పెట్టె మీద కాదు, నీ మొగుడి ఒళ్ళో."

"హోటల్లో గిన్నెలు కడుగుతావా మరి?"

"అక్కడా దురదే. సబ్బు." అని పట్టీ బిగించేది.

మేం చేసినవన్నీ పొట్టి కర్రలే, మెత్తనివే. కొండవాగుల్లో చెట్ల కింద నిలబడి, రెండు బారల దారంతో చేపను పలకరించే కర్రలు. కొనేవాళ్ళు ఎవరో తెలీకుండానే చేశాం.

*

ఎండలు తగ్గుముఖం పట్టాక నగోయా నుంచి కునియెద గారు వచ్చారు. అక్కడ ఆయనకు గాలాల కొట్టు ఉంది. చిన్నదే అయినా తెలిసినవాళ్ళంతా అక్కడికే పోతారు. ఆయన వచ్చింది మామగారి దగ్గర వెదురు కర్ర చేయించుకోవడానికి. చూపు మందగించి ఇప్పుడు ఏడాదికి ఒకటి చేస్తే గొప్ప అని చెప్పి, మామగారు ఆయన్ని కొట్టంలోకి పంపించారు.

ఆయన ఒక గాజు కర్ర తీసుకుని, పిడి పట్టుకుని, మణికట్టుతో కొంచెం కదిపి చూశారు. ఇంకొకటి తీసి చూశారు. "వాగు ఎంత దూరం?" అని మాత్రం అడిగారు.

నెజుదానిలో ఆయన పక్కన నేను నడిచాను. మామగారి పాత వెదురు కర్రొకటీ, నా గాజు కర్రలు రెండూ తెచ్చుకున్నాం. ఒకే గుంట దగ్గర మూడిటితోనూ విసిరి చూశారు. వెదురు అన్నిటికన్నా నిదానం. నిదానంలో గాజు దాని వెనకాలే ఉంది, కానీ చేతిలో తేలిక. ఒక చోట నాచుపట్టిన రాయి మీద కాలు జారి కునియెద గారు కూలబడ్డారు. కర్ర రాతికి కొట్టుకుంది. లేచి మొదట కర్రనే తడిమి చూసుకున్నారు. దానికి ఏమీ కాలేదు.

"వెదురైతే ఇప్పుడు నేను ఏడ్చేవాణ్ణి," అన్నారు. "కార్బన్ అయితే ఇంటికొచ్చాక పగులు చూసుకుని ఏడ్చేవాణ్ణి."

పై గుంటలో ఎర్రచుక్కల అమగో చేప పడింది, జానెడు కూడా లేదు. ఆయన దాన్ని నీళ్ళలోనే పట్టుకుని చాలాసేపు చూశారు. వెదురు కొనలేని కుర్రాళ్ళు తన కొట్టుకి వస్తారనీ, వాళ్ళకి ఎప్పుడూ గట్టి కర్రలే అమ్మాల్సి వస్తోందనీ చెప్పారు. ఉన్న కర్రలన్నీ తీసుకుంటానన్నారు. నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో ఆ వాగుకే తెలియాలి.

కొట్టానికి తిరిగొచ్చాక అసలు మాట బయటికి వచ్చింది. "పిడి పైన జిన్‌పాచి గారి పేరు రాయించండి. మిగతాది నేను చూసుకుంటాను."

"చేసింది ఆయన కాదండీ."

"ఊచ ఆయనది. చోటు ఆయనది. అబద్ధమేం కాదు."

"చుట్టింది నేనూ తొకి అక్కా. నా పేరు రాస్తాను."

ఆయన ఇబ్బందిగా చూశారు. చెడ్డ మనిషి కాదు. "ఆడవాళ్ళు చేసిన కర్ర అంటే మా కొట్టుకొచ్చే మగవాళ్ళు చేత్తో ముట్టుకోరమ్మా. నా ఉద్దేశం కాదిది. లోకం అలా ఉంది."

"లోకం ఎలా ఉందో చెప్పే మగవాళ్ళు ఈ ఏడాది నాకు చాలామందే తగిలారు," అన్నాను.

ఆయన మామగారి దగ్గరికి వెళ్ళారు. మామగారు చిత్రిక కింద పెట్టి విన్నారు. "నేను చెయ్యని కర్ర మీద నా పేరేంటి? ఈ వయసులో నన్ను దొంగని చేస్తారా?" అన్నారు. కునియెద గారు నా కర్రలు ఒక్కటీ తీసుకోకుండా, వెదురు కర్రకు మాత్రం మాట పుచ్చుకుని బస్సెక్కారు.

ఆ రోజు తొకి అక్కకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. "పేరు వండుకు తింటామా?" అంది. "నా పేరు ఎక్కడా లేదు. పుట్టినప్పట్నుంచీ లేదు. నేనేం చచ్చిపోయానా? నీకు మొగుడున్నాడు, ఎన్ని పంతాలైనా పడతావు. నాకెవరున్నారు?"

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. మర్నాడు ఆమె పనికి రాలేదు. నేను ఒంటరిగా కూర్చుని సిరా కలిపాను. ఒక కర్ర ఒళ్ళో పెట్టుకుని మామగారి పేరులో మొదటి గీత గీశాను. సన్నటి గుండ్రటి కర్ర మీద నా గీత వంకరపోయింది. ఆ వంకర గీతను చూస్తూ కాసేపు కూర్చుని, తడిగుడ్డతో తుడిచేశాను. తుడిచాక మనసు తేలికపడిందని చెప్పలేను. తొకి అక్క ఇంటి మీదుగా వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

తర్వాత ఒక ఉదయం ఆమే వచ్చింది. చేతులకి తొడుగులు వేసుకుంటూ, "హోటలాయన నోరు నీ నోటికన్నా పెద్దది," అంది. "పట్టీ ఎక్కడ పెట్టావ్?"

*

చేపలు పట్టడానికి అది ఆ ఏటి ఆఖరి వారం. అక్టోబరు వస్తే వాగులు మూసేస్తారు. కొట్టంలో నేనొక్కదాన్నే ఉన్నాను, కర్రకు వార్నిష్ పూస్తున్నాను. గుమ్మంలో వెలుతురు తగ్గింది. చూస్తే కత్సుమి. బుంజి లారీ వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచి ఆయన ఆ గుమ్మం తొక్కలేదు.

"కునియెద గారు ఫోన్ చేశారు," అన్నాడు. ఫోను వర్క్‌షాపులోనే ఉంటుంది.

"మామయ్యని పిలవనా?"

"నీకే. మూడు కర్రలు పంపమన్నారు. ఇక్కడి నుంచి వెళ్ళాక ఆయన కొట్లోవన్నీ చీపురుపుల్లల్లా అనిపిస్తున్నాయట."

నేను కుంచె కింద పెట్టాను. "ఏ పేరుతో?"

"నీ పేరుతోనే. కానీ వెనక వరుసలో పెడతాను, అడిగినవాళ్ళకే చూపిస్తాను అన్నారు."

"ముందు వరుసలో పెట్టమనండి. లేకపోతే ఒక్కటి కూడా పంపనని చెప్పండి."

"అదే చెప్పాను," అన్నాడు కత్సుమి.

నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన గోడకు ఆనించిన కర్రల్ని చూస్తున్నాడు.

"ఏమన్నారు?"

"కాస్త నసిగారు. తర్వాత సరే అన్నారు." గొంతు సవరించుకున్నాడు. "నా కార్బన్ మొదటి లోడు వచ్చే నెల వెళ్తుంది. మురాసె ఇంకో లోడు కావాలంటున్నాడు. అది ఆపను. నీకు ముందే చెప్తున్నాను."

"ఆపమని నేను అడగలేదు."

"అడగలేదులే."

అయినా ఆయన వెళ్ళలేదు. పక్కనే గిన్నెలో సిరా ఉంది, కాగితం ముక్క మీద నేను సాధన చేసిన అక్షరాలున్నాయి. అవి చూసి ఆయన పెదవి చివర కదిలింది. ఇంట్లో చెయ్యి తిరిగిన దస్తూరీ ఆయనొక్కడిదే. కొత్త సంవత్సరం కార్డులు ఊళ్ళో సగం మందికి ఆయనే రాసిపెడతాడు.

"ఇలా రాస్తే వెనక వరుసలోనే పెడతారు," అన్నాడు. "కుంచె ఇటివ్వు."

"చేతులు కడుక్కుని రండి. ఆ నల్ల నూగు నా కర్రకి అంటుకుంటుంది."

ఎదురు మాట అంటాడనుకున్నాను. బావి దగ్గరికి వెళ్ళి, మోచేతుల దాకా సబ్బు రాసి కడుక్కుని వచ్చాడు. నా ఎదురుగా చాప మీద కూర్చుని, కర్ర మోకాలి మీద పెట్టుకుని, కుంచె కొసను గిన్నె అంచుకు ఒత్తి సన్నం చేశాడు.

"హొసొయె మసుయే అని రాయనా?"

హొసొయె మా అత్తవారి ఇంటిపేరు. వర్క్‌షాపు బోర్డు మీదా అదే, మురాసె పెట్టెల మీదా అదే.

"వద్దు. ఒట్టి మసుయే చాలు. దాని కింద తొకి అని రాయండి."

ఆయన కుంచె గాలిలోనే ఆగింది. "రెండు పేర్లా? కర్ర ఇంత సన్నగా ఉంది, పట్టవు."

"చిన్నగా రాయండి, పడతాయి," అన్నాను. ఆయన చేతిలో కర్ర కదలకుండా దాని రెండో కొసను నేను పట్టుకున్నాను.